వెనక గోడ కుళాయి

మా ఊళ్ళో మంచినీళ్ళ ప్లాంటు ఎక్కడుందో పలాస ఆటో కూడా అక్కడే ఆగుతుంది. ఆ ఆటో ఎక్కేది కూలిపనికి పోయేవాళ్ళు కాదు, కిడ్నీలు పాడైనవాళ్ళు. పొద్దున్నే వెళ్ళి, మిషను మీద పడుకుని రక్తం కడిగించుకుని, ఎండెక్కాక వాడిపోయిన మొహాలతో దిగుతారు. ఇవాళ కొందరు, రేపు ఇంకొందరు. మనుషులు మారతారు గానీ ఆటో మాత్రం రోజూ ఉంటుంది. ప్లాంటు తలుపు తీసేది కూడా సరిగ్గా ఆ వేళకే. ఈ రెండూ ఒకే చోట, ఒకే వేళకి పడటం వల్ల నా నెత్తిమీదికి వచ్చింది చెబుతాను. నాకు చదువు సంతకం దాకానే. నోటితో చెబుతున్నాను, రాసేవాళ్ళు రాస్తున్నారు.

నేను మొగుడు చచ్చినదాన్ని. ఆయనా ఆ ఆటోలోనే వెళ్ళేవాడు, ఆ జబ్బుతోనే పోయాడు. మిషనుకు బయల్దేరిన మనిషికి బొట్టు లేని ఆడది ఎదురు రాకూడదని మా ఊళ్ళో పట్టింపు. ఎవరూ దండోరా వేయలేదు, ఎవరూ నన్ను పట్టుకుని గెంటలేదు. ఆటో దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళలో ఎవరో ఒకరు దగ్గుతారు. అంతే. ఆ దగ్గు వినబడితే నాలాంటివాళ్ళం టిన్ను చంకన పెట్టుకుని పక్కింటి కొబ్బరాకు దడి వెనక్కి తప్పుకోవాలి. ఆటో కదిలాకే బయటికి రావాలి. మా ఉద్దానం ఊళ్ళన్నిటా ఈ కిడ్నీ జబ్బే, మాలాంటివాళ్ళకు కొదవా? ఒక్కోరోజు ఆ దడి వెనక నిలబడటానికే చోటుండేది కాదు. ఏ జబ్బు మమ్మల్ని ఇలా చేసిందో, ఆ జబ్బుకు వైద్యం చేయించుకునేవాళ్ళకే మా మొహాలు పనికిరావు. ఇది ఎవరికి చెప్పుకుంటే తీరుతుంది?

ఆటో కూడా ఊరికే కదలదు. ఒకాయనకు చెప్పు దొరకదు. ఒకామె అన్నం క్యారేజీ ఇంట్లో మరిచిపోతుంది. అందరూ ఎక్కి సర్దుకునేసరికి ప్లాంటు ట్యాంకు అడుగంటుతుంది. అది రోజుకు ఒకసారే నిండుతుంది. దడి వెనక నుంచి వచ్చినవాళ్ళకు సగం టిన్ను దొరికితే పండగ. లేకపోతే బోరు నీళ్ళే.

నా ఒక్కదానికైతే బోరు నీళ్ళే చాలు. ఇన్నేళ్ళు తాగాను, ఇంకేం చేస్తాయిలే అనుకునేదాన్ని. నా తిప్పలన్నీ మా అమ్మాయి కోసం. అది పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి పోతుంది. చీకటి విడవకముందే కూలి ఆటో ఎక్కితే పొద్దు గూకాక దిగుతుంది. ఒకసారి మా ఊళ్ళో క్యాంపు పెట్టి అందరికీ రక్తం తీశారు. మా అమ్మాయికి కిరాటిన్, అదే కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగేది, ఉండాల్సినదానికంటే పైకి ఉందన్నారు. ఆయనకూ మొదట్లో అలాగే "కొంచెం పైకి ఉంది" అన్నారు. టెక్కలి తీసుకెళ్ళి చూపిస్తే డాక్టరు, ఇంకా మిషను దాకా రాలేదు, నొప్పి బిళ్ళలు మానెయ్, బోరు నీళ్ళు మానేసి ప్లాంటు నీళ్ళు తాగు, కొన్ని నెలలు ఆగి మళ్ళీ రా అన్నాడు. ఈ జబ్బు నీళ్ళ వల్లే వస్తుందని ఎవరూ తేల్చి చెప్పలేదు. ఎంతమంది వచ్చి ఎన్ని సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళారో. కానీ తల్లికి నమ్ముకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. నేను ఆ ప్లాంటు నీళ్ళను నమ్ముకున్నాను.

అందుకే ఒకరోజు తొందరపడ్డాను. ఆటో చప్పుడు వినబడి, వెళ్ళిపోయిందనుకుని దడి వెనక నుంచి బయటికొచ్చాను. అది కదిలింది వెనక్కి తిప్పుకోవడానికి. నేరుగా ఎదురుపడ్డాను. ముందు సీట్లో నాకు మరిది వరస అయినాయన కూర్చుని ఉన్నాడు. చేతికి మిషను సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన నరం, తలకు తువ్వాలు. నన్ను చూసి నవ్వాడు.

"ఏటొదినా, దడి ఎనకాల కాపరం ఎట్టీసినావేటి?" అన్నాడు.

పక్కనే ఆయన పెళ్ళాం. నాకు తోడికోడలు వరస. ఆమె మొహం మాడిపోయింది.

"దిగు. ఇంటికెల్లి వద్దుం," అంది మొగుడితో.

"ఏటే దిగేది? ఆటో నిండా జనం ఉంటే."

"దిగమంటన్నానా!"

మా దగ్గర శకునం బాగాలేకపోతే ఇంటికి తిరిగొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. ఆయనకేమో నీళ్ళు కొలిచి పోస్తారు. ఎక్కువ తాగితే ఒళ్ళు ఉబ్బి ఊపిరి ఆడదు. ఆయన దిగి, నా పక్క నుంచి నడుస్తూ, "నీ దయ వల్ల ఇయ్యేల ఓ గలాసు నీల్లు ఎక్కువ దొరికినాయొదినా. రోజూ ఎదురొచ్చీ," అన్నాడు. ఆటోలో ఒకళ్ళిద్దరు నవ్వారు. తక్కినవాళ్ళు నన్ను చూస్తూ పళ్ళు నూరారు. వాళ్ళ వేళ దాటిపోతోంది మరి. ఆ రోజు నాకు నిండు టిన్ను దొరికింది. దాన్ని మోసుకుని వస్తుంటే ఊరంతా నా వీపునే చూస్తున్నట్టు అనిపించింది.

ఆ వేసవిలోనే కాలేజీ పిల్లలు వచ్చారు. ఇంజనీరింగ్ చదివేవాళ్ళు, పట్నం నుంచి ఒక సారును వెంటబెట్టుకుని బడిలో దిగారు. మా మహిళా సంఘం వాళ్ళందరినీ బడి వరండాలోకి పిలిచారు. డిజైన్ థింకింగ్ నేర్పుతామన్నారు. వెనక నుంచి ఒకామె, "చీరల డిజైనేటి బాబూ, జాకెట్లదేటి?" అంది. అందరం నవ్వాం. సారూ నవ్వాడు. మంచివాడే. కింద చాప మీద మాతోపాటే కూర్చున్నాడు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత మటుకు ఇదీ. ఒకరి కష్టం తీర్చాలంటే ముందు మన తెలివి పక్కన పెట్టాలి. వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చోవాలి, వాళ్ళు చేసే పని చేసి చూడాలి, అడగాలి. అడిగినప్పుడు సలహా చెప్పకూడదు, తగువు పెట్టుకోకూడదు. ఎందుకు, ఎందుకు అని లోపలికంటా అడుగుతూ పోవాలి. దాన్ని ఎంపతీ అంటారట. అసలు కష్టం ఏమిటో తేలాక, అట్టముక్కలతోనో, పాత సామానుతోనో ఒక నమూనా కట్టి, వాడి చూసి, బాగాలేకపోతే మార్చుకోవాలి. చెప్పినంతసేపూ నాకు బాగానే అనిపించింది. ఇన్నేళ్ళలో మా ఊరికి వచ్చినవాళ్ళు మా రక్తం అడిగారు, నీళ్ళు అడిగారు, ఆధార్ కార్డు అడిగారు. నీ కష్టమేమిటని చాప మీద కూర్చుని అడిగినవాళ్ళు లేరు.

నా వెంట ఒక అమ్మాయిని వేశారు. సన్నగా, కళ్ళద్దాలు పెట్టుకుని, మాట మెత్తన. ఒకరోజంతా నాతోనే ఉంది. నాతో జీడితోటలో పిక్కలు ఏరింది. మా ఇంట్లో గంజన్నం తిని, చేపల పులుసు కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, "బాగుందమ్మా, ఇంకొంచెం వేయండి," అంది. పొద్దున్నే నాతోపాటు టిన్ను పట్టుకుని ప్లాంటుకు బయల్దేరింది. దగ్గు వినబడింది. నేను దడి వెనక్కి తప్పుకున్నాను. ఆ పిల్లా నా వెనకే వచ్చి నిలబడింది.

"ఇక్కడెందుకు నిలబడ్డామమ్మా?" అని గుసగుసగా అడిగింది.

"ఆటో ఎల్లాల."

"వెళ్తే?"

"ఎల్లినాక మనం ఎల్తాం."

ఆ పిల్ల బొట్టు వైపు, జడలో కనకాంబరాల వైపు చూసి దగ్గిన ఆడది, "ఓలమ్మీ, నువ్వు రావొచ్చు, నువ్వు రా," అని చేత్తో పిలిచింది. అప్పుడు అర్థమైంది దానికి. నా మొహం వంక చూసింది. కదల్లేదు. ఆటో వెళ్ళేదాకా నా చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడింది. దాని కళ్ళు నిండాయి. అబద్ధం ఎందుకు, నాకు ఆ పిల్ల మీద అప్పటికప్పుడే ప్రేమ పుట్టింది. ఇప్పటికీ ఉంది. అదే నా గొంతులో ముల్లు.

మర్నాడు వరండాలో ఆ పిల్ల లేచి, అసలు కష్టం బరువు మోయడం కాదు, దారిలో ఎదురు రాకూడదనడం అని సారుతో చెప్పింది. అంతవరకూ అందరూ చక్రాల బండి చేద్దామనే అనుకున్నారు. సారు బండి మాట అక్కడితో వదిలేశాడు. తర్వాత, "ఎదురు రాకూడదు అనేవాళ్ళనీ, ఎదురు వచ్చేవాళ్ళనీ జంటగా కూర్చోబెడదాం. ఒకరినొకరు అడుగుతారు," అన్నాడు. నన్ను ఎవరితో కూర్చోబెట్టారనుకున్నారు? మరిది పెళ్ళాంతోనే.

ఎదురెదురుగా కూర్చున్నాం. చుట్టూ ఆడవాళ్ళు చెవులు ఇటే వేశారు. అడిగే వంతు ముందు నాది.

"నాను ఎదురొత్తే నీకేటే బయం?" అన్నాను.

"సెప్తే కోపం వత్తాది నీకు."

"కోపం తెచ్చుకోకూడదని సారు సెప్పినాడు కదేటి. సెప్పు."

పక్కనెవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "ఆ యేల నువ్వు ఎదురొచ్చినావా, ఇంటికి తీసుకెల్లి నీల్లు తాగించి పంపినానా. మిషను మీద ఆయనకి బీపీ పడిపోనాది. కాల్లు పైకెత్తీసి పట్టుకున్నారు. మా అత్త వచ్చి పిలిసిందంటాడు, సచ్చిపోయిన మా అత్త," అంది.

ఆ గలాసు నీళ్ళ వల్లేమో, వేళ తప్పడం వల్లేమో అని నోటిదాకా వచ్చింది. తగువు పెట్టకూడదన్నారు. మింగేశాను.

"నానే ఎందుకు? పిల్లి ఎదురొచ్చినా అదే అనుకుంటావేటి?"

"పిల్లికేటప్పా," అంది. మా వైపు అప్ప అంటే అక్క.

"మరి నానేటి?"

ఆమె వేలికి చుట్టిన కొంగు విప్పేసింది. "మీ ఆయన ఈ ఆటోలోనే ఎల్లీవోడు. ఆ ముందు సీట్లోనే. నువ్వూ నాలాగే క్యారేజీ పట్టుకుని ఎల్లీదానివి. నిన్ను సూత్తే..." అని ఆగింది.

"నన్ను సూత్తే?"

"నిన్ను సూత్తే నాకు నానే కనిపిత్తానప్పా. బొట్టు తీసీసి."

నాకు ఆమె మీద ఎన్ని నెలల కోపం ఉంది. దడి వెనక నిలబడి నేను తిట్టుకున్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. ఆ ఒక్క మాటతో ఆ కోపమంతా నా చేతిలోంచి లాగేసుకున్నట్టయింది. దాని భయం నాకు తెలియనిదా? ఆయన మిషను మీద ఉంటే బయట బల్ల మీద కూర్చుని నేనెన్ని దేవుళ్ళకు మొక్కలేదు? అర్థం చేసుకోవడం మంచిదని సారు చెప్పాడు. అర్థమయ్యాక మన దగ్గర ఏం మిగులుతుందో మాత్రం చెప్పలేదు. పేదదాని దగ్గర ఉండేదే కాస్త కోపం. అదీ పోతే ఇక దేనితో నిలబడాలి?

తర్వాత ఆమె వంతు.

"నీకేటి కావాలప్పా?" అంది. మెత్తగానే అడిగింది.

"నా ఆడగుంట తాగడానికి నీల్లు కావాల. దానికీ కిరాటిన్ పెరిగినాది," అన్నాను.

ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మో. నాకు తెల్దప్పా."

కళ్ళద్దాల పిల్ల ఆ మాటలన్నీ రంగు కాగితాల మీద రాసి గోడకు అంటించింది. పచ్చ కాగితం మీద నా మాట, ఎర్ర కాగితం మీద ఆమె మాట. నాది చదివి వినిపించింది: బిడ్డకు మంచినీళ్ళు. అది నిజమే. ఆ దారిన తలెత్తుకుని నడవాలని కూడా నాకుంది. అది ఏ కాగితం మీదా లేదు. బిడ్డ ప్రాణం ముందు అది పెద్ద కోరికలా, సిగ్గులేని కోరికలా అనిపించి నోరు రాలేదు.

సాయంత్రం కూడా ప్లాంటు తెరవొచ్చు కదా అని ఒకామె అడిగింది. ట్యాంకు రోజుకు ఒకసారే నిండుతుందని ప్లాంటు నడిపే అతను చెప్పాడు. ఆటో ఇంకో చోట ఆపొచ్చు కదా అని ఇంకొకామె అంది. నడవలేనివాళ్ళున్నారు, అక్కడైతేనే అరుగు ఉంది, కూర్చుంటారు అన్నారు. అందరి మాటా సబబే. ఎవరిని కాదంటాం?

అప్పుడు ఆ పిల్ల లేచింది. మొహం వెలిగిపోతోంది. ట్యాంకుకు వెనక వైపు నుంచి ఒక పైపు వేసి, వెనక గోడకు ఇంకో కుళాయి పెడితే? ఆ వెనక పశువులు పోయే దారి ఉంది, ఆటో ఉండే చోటు నుంచి కనబడదు. ఆటోవాళ్ళకు భయం ఉండదు, వీళ్ళు దడి వెనక నిలబడక్కర్లేదు, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే నీళ్ళు పట్టుకోవచ్చు. ఎవరి మనసూ నొప్పి పడదు.

అందరూ చప్పట్లు కొట్టారు. మరిది పెళ్ళాం నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "నీ గుంటకి నీల్లు దొరుకుతాయప్పా," అంది. సారు ఆ పిల్ల తల నిమిరాడు. అందరినీ చుట్టూ చూశాను. ఒక్కరి కళ్ళల్లోనూ చెడ్డ లేదు. చెడ్డ ఉంటే ఎంత బాగుండేది! తిట్టి లేచిపోయేదాన్ని. నేనూ చప్పట్లు కొట్టాను.

ముందు నమూనా అన్నారు. రబ్బరు గొట్టం ఒకటి ట్యాంకుకు తగిలించి, వెదురు కర్రకు ప్లాస్టిక్ కుళాయి కట్టి వెనక్కి దించారు. నన్నే మొదట పట్టమన్నారు. టిన్ను నిండా, పొర్లిపోయేదాకా పట్టాను. సెల్‌ఫోన్‌లో బొమ్మ తీసుకున్నారు. గొట్టం వంగిపోతోందని ఇనుప పైపు వేశారు. కాళ్ళ కింద బురదవుతోందని సిమెంటు పోశారు. ఆ సిమెంటు ఆరకముందే ఎవరో కోడిని తోలితే దాని కాళ్ళ గుర్తులు పడ్డాయి, ఇప్పటికీ ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ఆ పిల్ల నన్ను వాటేసుకుని వెళ్ళింది.

మా అమ్మాయికి నేను అదంతా చెప్పలేదు. కొత్త కుళాయి పెట్టారు, నీళ్ళు బాగా దొరుకుతున్నాయి అన్నాను. అది సాయంత్రం వచ్చి నిండు టిన్ను చూసి, "ఇయ్యేల ఎవుల్ని కొట్టీసి తెచ్చినావమ్మా?" అని నవ్వింది. దానికి ఒక చెంబుడు నీళ్ళు ఇచ్చి అది గటగటా తాగుతుంటే చూసేదాన్ని. ఆ కాసేపూ నాకు ఏ దడీ గుర్తురాలేదు.

కానీ ఊరు ఊరే. ఇదివరకు మమ్మల్ని ఆపింది ఆటో ఉన్నంతసేపే. ఆటో పోయాక ముందు కుళాయి దగ్గర అందరితో కలిసి నిలబడేవాళ్ళం, పోట్లాడుకునేవాళ్ళం, నవ్వుకునేవాళ్ళం. వెనక కుళాయి వచ్చాక, ఒకరోజు ఆటో వెళ్ళిపోయాకే నేను ముందు వైపు నుంచి పోబోతే ప్లాంటు అతను, "అత్తా, నీది ఎనకుంది కదేటి," అన్నాడు. కోపంగా కాదు. బస్సులో ఆడవాళ్ళ సీటు చూపించినట్టు చూపించాడు. నాతోపాటు దడి వెనక నిలబడే ముసలామె ఒకామె ఉండేది. ఆమె మొగుడు పోయింది కిడ్నీతో కాదు, ఎప్పుడో సముద్రంలో. ఆమెనూ వెనక్కే పంపారు. పెళ్ళికి పోయేవాళ్ళు, పరీక్షకు పోయేవాళ్ళు, సోంపేట సంతకు పోయేవాళ్ళు, అందరికీ మా ఎదురు పనికిరాకుండా పోయింది. మాకంటూ ఒక చోటు ఏర్పాటయ్యాక, ఇక వేరే చోట మేమెందుకు కనబడాలి? పిల్లలు దానికి పేరు పెట్టేశారు, ముండల కుళాయి అని. పెద్దవాళ్ళు పైకి కోప్పడ్డారు. తర్వాత వాళ్ళ నోటా అదే.

ఒక ఆదివారం ఫ్యాక్టరీ లేదు. నేను తోటలో ఉండగా మా అమ్మాయి తనే టిన్ను తీసుకుని ప్లాంటుకు వెళ్ళింది. నేనొచ్చేసరికి ఖాళీ టిన్ను గుమ్మంలో పడి ఉంది, అది గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"మనం ఏ కులాయి నీల్లు తాగతన్నామమ్మా?" అంది.

నేను పడి ఉన్న టిన్ను తీసి నిలబెట్టాను.

"సెప్పు. ఏటంటారు దాన్ని?"

"ఊరోల్ల నోటికేటే, వందంటారు."

"నాను ముందర కులాయి కాడ నిల్సుంటే, మీ ఇంటిది ఎనక కదా అని నవ్వినారే! నాకు బొట్టుండగానే నన్నూ ఎనక్కి తోలీసినారు. నీకు సిగ్గు లేదేటి?"

"నేదు," అన్నాను. "నీకు నీల్లు దొరికినకాడ నాకు సిగ్గు నేదు."

"ఆ నీల్లు నాకొద్దు."

"తాగకపోతే ఏటవుద్దో సూసినావు కదే మీ నాన్నని."

"అయితే అవనీ," అంది. లేచి, బిందెలో బోరు నీళ్ళు ముంచుకుని, నా ఎదటే తాగింది.

ఆ దినం మొదలు నా ఇంట్లో నిండు టిన్ను నిండుగానే ఉండిపోయేది. అన్నం ఆ నీళ్ళతో వండేదాన్ని. తాగేది మాత్రం అది బోరు నీళ్ళే. బతిమాలాను, తిట్టాను, ఒకసారి చెయ్యి కూడా ఎత్తాను. బోరు బిందెలో ప్లాంటు నీళ్ళు పోసి ఉంచితే, నోట్లో వేసుకుని తుపుక్కున ఉమ్మేసింది. రుచి తెలిసిపోతుంది కదా. టెక్కలి డాక్టరు మళ్ళీ రమ్మన్న వేళ దగ్గరపడుతోంది.

అలాంటి రోజుల్లో కాలేజీ పిల్లలు మళ్ళీ వచ్చారు. మేము చేసిన కుళాయి ఎలా పనిచేస్తోందో అడిగి, మార్పులుంటే చేస్తామన్నారు. అదీ వాళ్ళ చదువులో ఒక మెట్టట. మా కుళాయిని కాలేజీలో అందరికీ చూపించారట, ప్రైజు కూడా వచ్చిందట. పండక్కి ఫ్యాక్టరీ మూసేయడంతో మా అమ్మాయి ఇంట్లోనే ఉంది. కళ్ళద్దాల పిల్ల నాకోసం పట్నం నుంచి మైసూర్‌పాకు తెచ్చింది. మా వాకిట్లోనే నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఒకతను సెల్‌ఫోన్ పట్టుకున్నాడు.

"కుళాయి ఎలా ఉందో మీ మాటల్లో చెప్పండమ్మా. మొహమాటం వద్దు. బాగాలేకపోతే తీసేసి వేరేది ఆలోచిస్తాం. నిజం చెప్తేనే మేం నేర్చుకుంటాం," అంది ఆ పిల్ల.

తీసేసి అంది. నాకు ఆ మాట దగ్గరే చెవులు ఆగిపోయాయి. తీసేస్తే నేను మళ్ళీ దడి వెనక్కి. వేరేది ఎప్పుడు ఆలోచిస్తారు, ఎప్పుడు కడతారు? వాళ్ళకు పరీక్షలుంటాయి, సెలవులుంటాయి. నా బిడ్డ ఒంట్లో పెరిగేది వాళ్ళ సెలవుల కోసం ఆగుతుందా? ఇవాళ తాగనన్న పిల్ల రేపు తాగుతానంటే, ఇవ్వడానికి ఇంట్లో నీళ్ళుండాలి కదా.

మా అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. "మేడమ్, ఆ కులాయిని ఊరోల్లు ఏటంటారో తెల్సా మీకు?" అంది.

సెల్‌ఫోన్ పట్టుకున్నతను దాన్ని మా అమ్మాయి వైపు తిప్పబోయాడు. కళ్ళద్దాల పిల్ల, "ఏమంటారు?" అని నవ్వు మొహంతోనే అడిగింది. ఏదో ముద్దు పేరనుకుంది పాపం.

"రేకు కావాల," అన్నాను గట్టిగా.

అందరూ నా వైపు తిరిగారు.

"కులాయి బాగుంది తల్లీ. నీల్లు బాగా వత్తన్నాయి. పొద్దెక్కేసరికి అక్కడ ఎండ మాడ్సీత్తంది. పైన ఓ రేకు ఏస్తే సాలు. ఇంకేటీ అక్కర్నేదు."

"అంతేనా అమ్మా? ఇంకేం ఇబ్బంది లేదా?"

"నేదు."

"మీకు అక్కడికి వెళ్ళేటప్పుడు ఎలా అనిపిస్తుంది?"

ఆ పిల్ల కళ్ళల్లోకి చూశాను. అన్నీ అర్థం చేసుకోవాలని ఎంత ఆశ ఆ కళ్ళల్లో! "బాగుంటాది," అన్నాను. "మా వోల్లందరం ఒక్కకాడ సేరతాం. కబుర్లు సెప్పుకుంటాం."

ఆ పిల్లకు సంతోషమై నా చెయ్యి నొక్కింది. రేకు కొలతలు తీసుకోవడానికి మగపిల్లలు వెనక దారిన వెళ్ళారు. కళ్ళద్దాల పిల్లను కూడా మైసూర్‌పాకు తినమని బతిమాలి పంపించాను. వాకిలి ఖాళీ అయింది.

మా అమ్మాయి గుమ్మంలోనే నిలబడి ఉంది. నేను దాని వైపు చూడలేదు. స్టూలు లోపల పెట్టాను. చీపురు తీసుకుని, ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చాను. ఏదైనా అంటుందేమో, అరుస్తుందేమో అని వీపు బిగబట్టుకున్నాను. లోపల టిన్ను వంచిన చప్పుడైంది. తిరిగి చూస్తే చెంబు నిండా పట్టుకుని ఉంది. నన్నే చూస్తూ, కళ్ళల్లో నిప్పులు పోసుకుని, గడగడా తాగింది. గడ్డం మీద నుంచి నీళ్ళు కారి జాకెట్టు తడిసింది. తాగి, చెంబు గచ్చు మీద విసిరికొట్టింది. అది దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చింది.

నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పూటా, మర్నాడూ మాట్లాడలేదు. తాగుతోంది మాత్రం ఆ నీళ్ళే.